తొడుగులోని తీగ

మడత సైకిలును చూచినవారందరును దాని కీళ్ళనే మెచ్చుకొందురు. చట్రము నడుమ వీడి ప్రక్కకు మడగుటయు, వెనుక చక్రము ముందునకు దొర్లి చట్రము క్రింద చేరుటయు, నిలువుకాడ వంగి హ్యాండిలు చక్రముల ప్రక్కన ఒదుగుటయు కన్నులకు ఇంపైన వ్యాపారములే. కాని ఆ కీళ్ళనన్నింటిని దాటి, చేతిబలమును లివరునుండి వెనుక చక్రము వరకు కొనిపోవు సన్నని ఉక్కుతీగ లేనిచో అంతటి కీలుపని యంతయు వ్యర్థమైయుండెడిది. ఆ తీగ చరిత్రయు, దాని నడకలోని ధర్మములును కీళ్ళకంటె ఎక్కువ శ్రద్ధకు పాత్రములని నా అభిప్రాయము.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమువరకు సైకిలును ఆపుటకు గట్టి ఇనుప కడ్డీలే ప్రధానాధారములు. హ్యాండిలుమీది లివరును నొక్కినచో నిలువుగా దిగిన కడ్డీ ముందు చక్రపు టైరుపై ఒక దిమ్మను అదిమెడిది. కడ్డీ లాగుటకును నెట్టుటకును సమానముగా పనికివచ్చును గాని మలుపు తిరుగజాలదు. తిరుగవలసిన ప్రతి తావునందును ఒక కీలును, ఒక అడ్డుచీలను అమర్చవలెను. అమర్చిన ప్రతి కీలును కొంత బరువును, కొంత వదులును తెచ్చిపెట్టును. మన తెలుగు పల్లెలలో పాలబిందెలను, గడ్డిమోపులను మోసిన నల్లని సైకిళ్ళకు చిరకాలముండిన రాడ్ బ్రేకులు ఈ కోవకు చెందినవే. దృఢత్వమున వాటికి వంక పెట్టరాదు. అయినను నడుమ మడగవలసిన చట్రముమీదుగా అట్టి కడ్డీని నడిపించుట దుస్సాధ్యము.

ఈ చిక్కును విడదీసిన ఊహ 1896లో లండను నగరవాసియగు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ పొందిన పేటెంటు రూపమున లోకమునకు వెల్లడియైనది. అమెరికాయందు 1898లో ఆతనికి పేటెంటు లభించినది. వంపుదారిలో ఉత్త త్రాటిని లాగినచో అది మొదట తిన్ననై, తన దారినే మార్చుకొనును. బౌడెన్ ఆ త్రాటికి దారిని కూడ తోడిచ్చెను. ఉక్కుపోగులను పెనవేసిన తీగను, చుట్టలు చుట్టలుగా దగ్గరగా చుట్టిన గట్టి లోహపు తొడుగులో దూర్చి, తొడుగు రెండు కొనలను రెండు నిలుపులకు ఆనించెను. ఇపుడు లోపలి తీగ ఎంత బలముతో లాగబడునో, వెలుపలి తొడుగు అంత బలముతోనే నొక్కబడును; క్రియకు ప్రతిక్రియను తొడుగే భరించుటచేత, ఆ బలము చట్రమును వంచదు, దారిని తిన్నన చేయదు. తొడుగు ఎటు వంగిన తీగయు అటే వంగును; తొడుగు నిడివి దాదాపుగా మారదు గనుక తీగ కొనల లెక్కయు దాదాపుగా మారదు. లివరుకడ ఒక అంగుళము లాగినచో ఆవలి కొనయు ఒక అంగుళము కదలును. హ్యాండిలు త్రిప్పినను, చట్రమును మడచినను ఈ నియమమునకు భంగము లేదు.

1896లోనే వెలువడిన బౌడెన్ బ్రేకు వెనుక చక్రపు రిమ్మును రబ్బరు దిమ్మలతో పట్టు ఒక లోహపు పట్టెడ. 1900 జనవరిలో నాటింగ్‌హాము నగరపు ర్యాలీ సంస్థ ఈ పేటెంటును వాడుకొను హక్కును పొందెను. ఆ సంస్థాధిపతి ఫ్రాంక్ ఇంటిపేరును బౌడెన్ అగుటచేత ఈ తీగను కనిపెట్టిన కీర్తి పలుమారులు ఆతనికి అంటగట్టబడినది, అది పొరపాటు. పేటెంటు ఎర్నెస్టుది; ఫ్రాంకు చేసిన మేలు దానిని విరివిగా వాడుకలోనికి తెచ్చుట. అచిరకాలముననే స్టర్మీ ఆర్చరు అను మూడు గేర్ల హబ్బును నడపు బాధ్యత కూడ ఈ తీగపై బడెను. పిమ్మట మోటారు సైకిళ్ళకును, స్కూటర్లకును అది ప్రాకినది. మన మెకానికులు నేడు క్లచ్ వైరనియు, యాక్సిలరేటరు వైరనియు పిలుచునవన్నియు ఆ సంతతివే.

ఇక మడత సైకిలునకు వత్తము. 1970ల నడుమ లండనులో ఆండ్రూ రిచీ అను యువ ఇంజనీరు తన నివాసమునకెదుట నున్న బ్రాంప్టన్ ఓరేటరీ అను చర్చి పేరనే ఒక సైకిలును రూపొందించెను. పదునారంగుళముల చక్రములు గల ఆ బ్రాంప్టన్ మూడు తావుల మడగి, సుమారు 58 సెంటీమీటర్ల పొడవును, 27 సెంటీమీటర్ల మందమును గల మూటగా మారును. సామాన్యమైన సైకిలునందు తొడుగును అక్కడక్కడ తెంచి, చట్రపు గొట్టము పొడవున తీగను వట్టిదిగా సాగనిచ్చుట కలదు. దానిచే బరువును రాపిడియు తగ్గును. కీలును దాటుచోట ఆ పొదుపు పనికిరాదు. కీలు తెరచిన మరుక్షణమున వట్టి తీగ బిగిసి లాగబడును, లేదా వదులై వ్రేలాడును. కావున కీలుదాటు భాగమున తొడుగు అవిచ్ఛిన్నముగా ఉండి తీరవలెను.

తొడుగు మాత్రము ఉన్నంతనే సరిపోదు, దానికి చోటును కావలెను. కీలు ఇరుసునకు 3 సెంటీమీటర్ల దూరమున వెలుపలి వైపున పోవు తీగ, చట్రము సగము చుట్టు తిరిగి మడగునపుడు ఇంచుమించు 9.4 సెంటీమీటర్ల అదనపు దారిని కోరును. ఇరుసునకు ఎంత చేరువగా పోయిన ఆ కోరిక అంత తగ్గును. అందుచేత నేర్పరియైన నిర్మాత తీగను ఇరుసు ప్రక్కనే నడపును, లేదా ముందుగనే ఒక సడలిన వంపు నిచ్చి, మడత వేళ ఆ వంపు విచ్చుకొనునట్లు చూచును. కీలునకు ఇరుప్రక్కల తొడుగును గట్టిగా బిగించి కట్టుటకంటె మించిన తప్పు వేరొకటి లేదు.

అయితే వంపులను ఇష్టము వచ్చినట్లు పెంచరాదు. పడవ త్రాటిని రేవుగుంజకు రెండు చుట్లు చుట్టినచో ఒక్క మనుష్యుడు పడవను ఆపగలుగుటకు ఏ రాపిడి కారణమో, తొడుగులోని తీగకును ఆ రాపిడియే శత్రువు. దీని గణితసూత్రమును పదునెనిమిదవ శతాబ్దముననే గణితవేత్తయగు ఆయిలరు తెలిపెను: మిగులు బలము వంపుల మొత్తపు కోణముననుసరించి గుణకారక్రమమున తగ్గును. ఘర్షణగుణకము 0.1 అని అనుకొన్నచో, 180 డిగ్రీల వంపు దాటిన పిదప నూటికి 73 పాళ్ళ బలము మిగులును. 360 డిగ్రీలు దాటినచో 53 పాళ్ళే. కుడివైపు వంపు ఎడమవైపు వంపును కొట్టివేయునని పలువురు భ్రమపడుదురు. అట్లు గాక రెండును కూడుకొనును. మడత సైకిలునకు చక్రములు చిన్నవి, నిలువుకాడ పొడవైనది. తీగ పైనుండి క్రిందికి దిగి, వెనుకకు మళ్ళి, మరల పైకెక్కవలసి వచ్చును. వెనుక బ్రేకు ముందరిదానికన్న మొద్దుబారినట్లుండుటకు ఇది ఒక ముఖ్య కారణము. పైగా రాపిడి తిరుగుదారిలోను అడ్డుపడును గనుక లివరును వదలిన పిదప దిమ్మలు రిమ్మును విడువ తడవు చేయును. లోపల జారుడు ప్లాస్టిక్ పొర గల తొడుగును వాడుటకు హేతువు ఇదియే.

బ్రేకు తొడుగును గేరు తొడుగును పైకి ఒకే తీరున కనబడినను వాటి అంతర్నిర్మాణము వేరు. బ్రేకు తొడుగు చుట్టలు చుట్టిన ఉక్కుపట్టీతో చేసినది. వంచినపుడు చుట్టల నడుమ సందులు స్వల్పముగా మారి దాని నిడివియు కొలదిగా మారును. బ్రేకునకు ఆ మార్పు లెక్కలోనిది కాదు. కాని 1984లో షిమానో సంస్థ టక్కుమని ఒక్కొక్క మెట్టు పడు గేర్లను ప్రవేశపెట్టిన పిదప మిల్లీమీటరులో కొంత భాగము తప్పినను గొలుసు తడబడజొచ్చెను; అందువలన నిడివి మారని తొడుగు, పొడవునా సాగిన ఉక్కుపోగులతో పుట్టినది. అది వంపులో స్థిరమే గాని బ్రేకు కలిగించు తీవ్రమైన నొక్కుడునకు ఆగలేదు. పోగులు ప్లాస్టిక్ పొరను చీల్చుకొని బయటపడును, బ్రేకు ఒక్కసారిగా విఫలమగును. ఇది ప్రాణములతో కూడిన విషయము గనుక ఎన్నిమారులు చెప్పినను ఎక్కువ కాదు: సామాన్యమైన గేరు తొడుగును బ్రేకునకు ఎన్నడును వాడరాదు.

కావున మడత సైకిలు గల పాఠకులకు నా విన్నపము. వైరు మార్పించునపుడు పాత తొడుగు నిడివిని కొలిపించి, క్రొత్తదానిని గట్టిగా బిగింపకమునుపే సైకిలును పూర్తిగా మడిపించి, మరల విప్పించి, హ్యాండిలును ఇరువైపుల చివరిదాక త్రిప్పి చూడుడు. ఎక్కడను తొడుగు బిగిసిలాగబడరాదు, కీలు సందున నలుగరాదు, నిలుపునుండి ఊడిరారాదు. తీగ పోగులు సాధారణముగా లివరుకడనే, పదేపదే వంగు తావున, ఒక్కటొక్కటిగా తెగును. నెలకొకమారైన అచ్చట కన్నువేసి, పోగు ఒక్కటి తెగినట్లు కానవచ్చినను వైరును ఆనాడే మార్పించుడు.