వాగు ఒడ్డు - వన్యమృగములకు ఆశ్రయము

నారాయణపేట జిల్లాలోని మక్తల్ ప్రాంతము 2019వ సంవత్సరము వరకు మహబూబ్‌నగరు జిల్లాలో నుండెడిది. అచ్చటి మెట్టభూములను నడివేసవిలో చూచినవారికి ఆ నేలపై అడవిజంతువులు బ్రతుకగలవని తోచదు. చేలు బీటలు వారి యుండును. గుట్టలపై గడ్డి యెండిపోవును. ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వర్షమే ఆధారము. అదియు కొలది మాసములలోనే కురిసిపోవును. అయినను నక్క, కుందేలు, ఏదుపంది, ముంగిస, అడవిపిల్లి మొదలగు జంతువులు ఇట్టి దక్కను మెట్టలలో తరతరములుగా మనుచునే యున్నవి. ఇది యెట్లు సాధ్యమైనది? సమాధానములో పెద్దభాగము వాగు ఒడ్డున కలదు.

వాగు అనగా వానకాలమున నీరు పారు దారి మాత్రమే కాదు. పైప్రవాహము ఆగిన తరువాత గూడ ఇసుక క్రింద నీరు చాలకాలము నిలిచి యుండును. ఇసుక పొర కప్పియుండుటచే అది ఎండకు త్వరగా ఆవిరి కాదు. చెలిమ త్రవ్వి మంచినీరు తోడుకొనిన పెద్దలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ తేమను అందుకొనుటచేతనే ఒడ్డున నున్న తెల్లమద్ది, కానుగ, నేరేడు, వావిలి మండుటెండలలో సైతము పచ్చగా నుండును. చుట్టునున్న నేల కాగుచున్నపుడు ఆ నీడ జంతువులకు ప్రాణము నిలుపును.

నీడతోపాటు ఆహారమును గలదు. రాలిన నేరేడు పండ్లను, ఈతపండ్లను నక్కయు పునుగుపిల్లియు తిని, విత్తనములను దూరమున విడుచును. ఆ విధముగా చెట్టు జంతువును పోషించుచుండగా, జంతువు చెట్టును వ్యాపింపజేయుచున్నది. తుంగలోను జమ్ములోను పొంచియుండు అడవిపిల్లికి ఎలుకలు ముఖ్యమైన ఆహారము. రైతు కంటబడకుండ అది చేయు ఉపకారము చిన్నది కాదు. ఏదుపంది మెత్తని గట్టులో బొరియ త్రవ్వుకొనును. కృష్ణవంటి పెద్దనదులలో చేపలు పట్టి జీవించు నీటికుక్కలకు గూడ పిల్లలను దాచుకొనుటకు ఒడ్డునందలి కలుగులే కావలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. చేలు, రోడ్లు, ఊళ్ళు అడ్డుపడిన దేశములో వాగు ఒడ్డు జంతువులకు చాటైన బాట. మక్తల్ పెద్దవాగు కృష్ణలో కలియునట్లే, ప్రతి చిన్న వాగును ఒక పెద్ద నీటిని చేరును. ఆ పొదల వరుస తెగిపోయినచో బాటయు తెగును.

ఈ బాట నేడు అనేకచోట్ల తెగుచున్నది. జూరాల జలాశయము, భీమా ఎత్తిపోతల క్రింద కట్టిన సంగంబండ జలాశయము ఈ కరవుసీమకు సాగునీరు తెచ్చినవి. అది రైతుకు గొప్ప మేలు. కాని బీళ్ళు సాగులోనికి వచ్చినకొలది నాగలి ఒడ్డు అంచుదాక పోవుచున్నది. ఇసుక లారీల కెక్కుచున్నది. ఇసుక పోయినచోట దాని క్రింది నీరును నిలువదు. జంతువులకే కాదు, సమీపమునందలి బావులకును ఆ నష్టము తగులును.

మక్తల్, మాగనూరు, కృష్ణ మండలముల రైతులకు కృష్ణజింకల బాధ తెలియనిది కాదు. మొలకెత్తిన పత్తిని, కందిని మందలు మేసిపోవుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వాటిని చంపుట నేరము. కృష్ణజింక పొదలలో దాగు జంతువు కాదు. దానికి విశాలమైన గడ్డిబీడు కావలెను. కనుక వాగు ఒడ్డు నొక్కదానిని కాపాడినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. ఒడ్డును ఆనుకొని కొంత గడ్డినేలను గూడ మిగుల్చుట, పంట నష్టపోయినవారికి సకాలమున పరిహారము ముట్టజెప్పుట రెండును అవసరము. జింకను కాపాడు భారమంతయు బీదరైతు నెత్తిన మోపుట న్యాయము కాదు.

పొదలు నరికినచో అడవిపందుల పీడ తొలగునని కొందరందురు. కాని పంది ఏపుగా పెరిగిన పంటలోను, సర్కారు తుమ్మలోను దాగగలదు. పొదలతోపాటు పోవునవి ఎలుకలను తిను పిల్లులు, నక్కలు. అట్లు చేసిన రైతుకు పంది మిగులును, ఎలుక పెరుగును.

చేయవలసినది కష్టమైనది కాదు. గట్టు వెంబడి కొన్ని గజముల నేల దున్నక వదలవలెను. అచ్చట కానుగ, నేరేడు పెంచవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ఇసుక త్రవ్వకమునకు హద్దులు విధించుచున్నది. అవి తమ వాగునకును వర్తించునని గ్రామస్థులు గుర్తించవలెను. వాగు ఒడ్డున నిలిచిన చెట్టు గట్టును కోతనుండి కాచును, బావికి ఊట నిలుపును, మూగజీవికి నీడ నిచ్చును. వాగు ఎండినంతమాత్రమున అది చచ్చినదని తలపరాదు. దాని ఒడ్డు బ్రతికియున్నంత కాలము అదియు బ్రతికియే యుండును.