మోటారుసైకిలునకు మేలురకపు బ్రేకు ప్యాడ్ల నెన్నుకొను విధము



పొగరుబోతు ఎద్దును కొనువాడు మొదట దాని ముకుతాడును చూచుకొనును. మోటారుసైకిలు కొనువారిలో పలువురు మైలేజీని, రంగును చూచెదరుగాని బ్రేకును చూడరు. బ్రేకు పట్టు తగ్గిన పిమ్మట మాత్రము అంగడికి పోయి “ఉన్నవాటిలో అన్నిటికంటె గొప్ప ప్యాడ్లిమ్ము” అని యడిగెదరు. ఆ యడుగుటలోనే పొరపాటున్నది. ఏ బండికి, ఏ దారికి, ఎంత బరువునకు అని విచారింపక ఏది మేలో చెప్పుట సాధ్యము కాదు. ఈ సంగతిని నేను పుస్తకములవలన గాక నా తప్పువలన నేర్చుకొంటిని.

మూడేండ్ల క్రిందట నా బండికి ప్యాడ్లు అరిగిపోగా, పట్టణమున ఒక అంగడివాడు “ఇవి పందెపు బండ్లకు వాడునవి” అని చెప్పి రెట్టింపు వెలకు ఒక జత యిచ్చెను. నేనును సంతోషముతో బిగింపించుకొంటిని. డిసెంబరు మాసమున ఒకనాడు తెల్లవారుజామున దాళ్వా నారుమడికి 30 కిలోల విత్తనపు సంచిని వెనుక కట్టుకొని కాలువగట్టు మీదుగా పోవుచుంటిని. పొగమంచులో గేదెలు దారికడ్డముగా వచ్చెను. లివరు నొక్కితిని, కొయ్యను నొక్కినట్లుండెనే గాని బండి నిలువలేదు. గేదెల వెంట వచ్చుచున్న బాలుడు ప్రక్కకు దుమికెను. నేను సంచితో సహా గట్టు దిగువకు దొర్లితిని. ఆ బాలుడు దుమికి యుండనిచో నేడీ వ్యాసము వ్రాయుటకు నాకు మొగముండెడిది కాదు.

ఆ ప్యాడ్లు నకిలీవి కావు. పందెపు బండి చక్రమున అవి బాగుగనే పనిచేయును. అవి వేడెక్కినగాని పట్టవు. నేను వానిని చల్లని యుదయమున, నెమ్మదియైన దారిలో వాడితిని. అంతయే భేదము.

బ్రేకు పనిచేయు తీరు

డిస్కు బ్రేకునందు మనము లివరు నొక్కగా, గొట్టములోని ద్రవము (దీనినే మనవారు బ్రేకు ఆయిలందురు) ఆ ఒత్తిడిని క్యాలిపరులోని పిస్టనులకు చేర్చును. అవి రెండు ప్యాడ్లను డిస్కునకు ఇరుప్రక్కల అదుమును. ఆ రాపిడిచే బండి వేగము వేడిగా మారును. 1969వ సంవత్సరమున జపాను దేశపు హోండా సంస్థ తన సీబీ 750 బండి ముందు చక్రమునకు ఈ పద్ధతిని అమర్చిన పిమ్మట ఇది మోటారుసైకిళ్లలో విరివిగా వ్యాపించెను.

వేగము రెట్టింపైనచో పుట్టు వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. బండి, మనిషి, బరువు కలిసి 250 కిలోలున్నవనుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆపినప్పుడు పుట్టు వేడి ఒక లీటరు నీటిని సుమారు 2 డిగ్రీలు వేడిచేయగలదు. 60 కిలోమీటర్ల వేగమునుండి ఆపినచో 8 డిగ్రీలు. ఈ వేడినంతయు చిన్న ప్యాడ్లును పలుచని డిస్కును భరింపవలెను. కావుననే ప్యాడు దేనితో చేయబడినదనునది ముఖ్యము.

ప్యాడ్లలో రకములు

మొదటిది ఆర్గానిక్ రకము. నారలను, రాపిడి పొడులను జిగురుతో కలిపి అచ్చుపోసినది. చల్లగా నున్నప్పుడే మెత్తగా పట్టును, డిస్కును తక్కువగా అరుగదీయును, వెలయు తక్కువ. అయితే బురదలోను, ఇసుకలోను త్వరగా అరుగును. మిక్కిలి వేడెక్కినచో అందలి జిగురు ఆవిరిగా మారి పట్టు సడలును.

రెండవది సింటర్డ్ రకము. రాగి మొదలగు లోహపు పొడులను ఒత్తి, కరగనంతటి వేడిలో అంటుకొనునట్లు చేసినది. తడిలోను వేడిలోను పట్టు నిలుపుకొనును, ఎక్కువ కాలము మన్నును. కాని డిస్కును ఎక్కువగా అరుగదీయును, వేడిని ద్రవమునకు త్వరగా చేర్చును, ఒక్కొక్కప్పుడు కీచుమనును. పోత ఇనుప డిస్కులున్న పాతబండ్లకు ఇది తగదు.

ఈ రెంటికి నడుమ, జిగురులో లోహపు తునుకలు కలిపిన సెమీ మెటాలిక్ రకమున్నది. నేను కొన్నట్టి పందెపు రకము వీనికంటె వేరు. దానిని ఊరి దారులకు వాడనే కూడదు.

ఆస్‌బెస్టాసు ధూళి ఊపిరితిత్తుల వ్యాధులకును క్యాన్సరునకును కారణము. కావున అది లేదని వ్రాసియున్న ప్యాడునే కొనవలెను. పాత ప్యాడ్ల ధూళిని నోటితోగాని గాలిపంపుతోగాని ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

వెనుకరేకు మీది అక్షరములు

కొన్ని ప్యాడ్ల వెనుక ఆంగ్లమున రెండక్షరములుండును. మొదటిది సాధారణ వేడిలోని పట్టును, రెండవది అధిక వేడిలోని పట్టును తెలుపును. ‘ఈ’ యనగా రాపిడి గుణకము 0.25 నుండి 0.35 వరకు; ‘ఎఫ్’ 0.35 నుండి 0.45, ‘జీ’ 0.45 నుండి 0.55, ‘హెచ్’ అంతకు మించినది. ‘హెచ్‌హెచ్’ అని యున్నచో అంగడివాడు గొప్పగా చెప్పును. అది అబద్ధము కాదు. కాని ఆ మొదటి అక్షరము సైతము సుమారు 93 మొదలు 204 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పరీక్షించి యిచ్చినదే. మంచు కురియు వేళ చల్లని ప్యాడు ఎట్లు పట్టునో, ఎంతకాలము మన్నునో ఆ యక్షరములు చెప్పవు.

ఎవరి కేది తగును?

సాంబ మసూరి బియ్యమెంత సన్నమైనను, నీరు నిలుచు పల్లపు పొలమున స్వర్ణ వేయు రైతు తెలివితక్కువవాడు కాడు. ప్యాడ్లును అట్టివే. ఊరినుండి పొలమునకు, పొలమునుండి సంఘపు గిడ్డంగికి నెమ్మదిగా తిరుగువారికి బండి చేసిన సంస్థ నియమించిన ప్యాడే చాలును. వానలలో తిరుగువారు, బస్తాలు మోయువారు, మారేడుమిల్లి వంటి ఘాటు దారులలో దిగువారు తమ డిస్కునకు సరిపడునని నిశ్చయించుకొని సింటర్డ్ రకమును తీసికొనవచ్చును. అట్టివారును దిగునప్పుడు చిన్న గేరులో దిగవలెను. ఎంతటి ప్యాడైనను ఇంజను చేయు సాయమునకు బదులు కానేరదు. టైరు బోడియైనచో ఏ ప్యాడును ఉపకరింపదు. చక్రము నిలుచునుగాని బండి జారుచునే యుండును.

మార్చుటకు ముందు

పట్టు తగ్గినంతనే ప్యాడును నిందింపరాదు. లివరు మెత్తగా దిగుచున్నచో గొట్టములో గాలి చేరియుండును. ద్రవము కాలక్రమమున గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు ద్రవము క్రొత్తదిగా నున్నప్పుడు 230 డిగ్రీలకు లోపల మరుగరాదని నియమము. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలే. కావున రెండేండ్లకొకసారి దానిని మార్చుట మేలు. దమ్ము బురద చేరి క్యాలిపరు పిన్నులు బిగిసినను పట్టు తగ్గును. గొలుసు కడిగిన డీజిలు ప్యాడు మీద పడినచో ఆ ప్యాడు చెడినట్లే; పారవేయవలెను.

ప్యాడు మందము 2 మిల్లీమీటర్లకు దిగినను, దానిమీది గాడి మాయమైనను మార్చవలెను. డిస్కు ఉండవలసిన కనీసపు మందము దానిమీదనే చెక్కియుండును. అంతకు తగ్గిన డిస్కునకు క్రొత్త ప్యాడు వేయుట దండుగ.

మార్చిన పిమ్మట

ఇరుప్రక్కల ప్యాడ్లను జతగా మార్చవలెను. బండి కదలించుటకు ముందు లివరు గట్టిపడువరకు పలుమారులు నొక్కవలెను. ఇది మరచినచో మొదటి మలుపులో బ్రేకే యుండదు. తరువాత జనము లేని దారిలో 40 కిలోమీటర్ల వేగమునుండి 10కి తగ్గునట్లు పదిసార్లు, నడుమ చల్లారనిచ్చుచు, మెల్లగా బ్రేకు వేయవలెను. అప్పుడే ప్యాడును డిస్కును ఒండొంటికి కుదురుకొనును. మొదటి కొన్ని దినములు బరువు వేయకుండుట మంచిది.

2019వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున అమ్ము క్రొత్త బండ్లలో 125 సీసీకి మించినవాటికి చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ ఏర్పాటును, అంతకు లోబడినవాటికి అదిగాని రెండు బ్రేకులును కలిసి పనిచేయు ఏర్పాటుగాని తప్పనిసరియైనది. ఆ ఏర్పాటులును ప్యాడు పట్టినప్పుడే పనిచేయునని మరువరాదు.

సభ్యులారా! ప్యాడ్లు కొనబోవునప్పుడు “గొప్పవి యిమ్ము” అనక, మీ బండి పేరు, మోయు బరువు, నడుచు దారి ముందుగా చెప్పుడు. పందెపు ప్యాడని వాడు పొగడినచో, చల్లగానున్నప్పుడు ఎట్లు పట్టునో అడుగుడు. నేనడుగలేదు. ఆ బాలుడు నేడు మా యూరి బడిలో చదువుచున్నాడు. వానిని చూచినప్పుడెల్ల ఆ కాలువగట్టు నాకు జ్ఞప్తికి వచ్చును.