దర్జీ నిలిపిన శాకాహారశాల

స్విట్జర్లండు దేశమున, జ్యూరిచ్ నగరమున 1898లో ఒక చిన్న భోజనశాల వెలసెను. అచ్చట మాంసము లేదు, మద్యమును లేదు. ఆ రెండును లేని భోజనమునకు పైకమిచ్చి కూర్చుండువారెవ్వరని ఊరివారు నవ్విరి. లోనికి పోవువారిని గడ్డి తినువారని గేలిచేసిరి. గౌరవస్థులు కొందరు పెరటివాకిట దూరి, భుజించి, మరల పెరటివాకిటనే వెడలిపోయెడివారట! మన ఊళ్ళలో కల్లుపాకకు పోవువాడు పడు సిగ్గు అచ్చట కాయగూరలు తినువానికి పట్టెను.

ఆ శాలను నిలిపిన ఆంబ్రోసియస్ హిల్టల్ వంటవాడు కాడు, దర్జీ. 1877లో బవేరియా సీమలో పుట్టి, కుట్టుపని వెదకికొనుచు జ్యూరిచ్ చేరెను. పడుచుప్రాయముననే కీళ్ళవాతము ఆయనను పట్టుకొనెను. వ్రేళ్ళు వంగని దర్జీ చేత సూది యెట్లు నిలుచును? అది కూటికి సంబంధించిన చిక్కు. నాడు ఆ నగరమున బిర్హర్-బెన్నర్ అను వైద్యుడుండెను. పచ్చికూరలు, పండ్లు, ధాన్యములే మందులని నమ్మినవాడు. నేడు దేశదేశముల ఉదయమున తినుచున్న మ్యూస్లీ ఆయన కల్పించినదే. మాంసము మానుమని ఆయన హిల్టల్‌కు చెప్పెను.

మానుట సులభము కాదు. మాంసము లేని కూడు దొరకు చోటు, పెరటివాకిలి గల ఆ శాలయే. హిల్టల్ అచ్చట నిత్యము భుజింపసాగెను. నొప్పులు తగ్గెను. అచ్చట వంటచేయు మార్తాను పెండ్లాడెను. నష్టములలో నడచుచుండిన ఆ శాల 1904 నాటికి ఆయన చేతికి వచ్చెను.

మాంసము మానినవానిని మనము వెంటనే భూతదయాపరుడందుము. హిల్టల్ మానినది మేకపిల్లపై జాలిచేత కాదు, తన కీళ్ళ బాధచేత. ఈ మాట దాచుట ఆయనకు గౌరవము కాదు. అయితే నొప్పి తగ్గిన పిమ్మట కుట్టుపనికి మరలిపోవచ్చును గదా! పోలేదు. నవ్వులపాలైన ఆ వ్యాపారమునే పట్టుకొని, రెండు మహాయుద్ధముల కాలమును దాటి, తొమ్మిది పదులు పైబడిన ఆయువు గడపెను. అన్నియేండ్లలో ఆ వంటయింటికై ఒక్క కోడి మెడయు తెగలేదు. జాలి మాటలు వల్లించువారిలో ఎందరికి ఈ లెక్క చెప్పుకొను వీలున్నది?

మనకు చుట్టరికము కలసినది కోడలు మార్గ్రిత్ వలన. ఆమె 1950-60 నడుమ శాకాహారుల సభకై భారతదేశమునకు వచ్చి, మన వంటలు రుచిచూచి మరలిపోయెను. ధనియాలు, పసుపు, జీలకర్ర అచ్చటి అంగళ్ళలో దొరకనివి. తెలిసినవారిచేత ఇచ్చటినుండి తెప్పించుకొనెను. శాలలోని వంటవారు ఆ ఘాటునకు ముక్కు విరిచిరి. ఆమె వాదింపక, తన యింటి పొయ్యిమీదనే వండి అతిథులకు పెట్టెను. పచ్చడిజాడీ కట్టుకొని సీమకు పోయిన తెలుగువారి కథలు మనమెరుగుదుము. అట్టివారు ఆ నగరమున దిగి పోపువాసన సోకినపుడు ఎట్లుండియుండునో ఊహించుకొనవచ్చును.

1998లో శాల మునిమనుమడు రోల్ఫ్ చేతికి వచ్చెను. ఎడతెగక నడచుచున్న శాకాహార భోజనశాలలలో ప్రపంచమున ఇదియే ప్రాచీనమని 2012లో గిన్నిస్ గ్రంథమువారు గుర్తించిరి. నేడు అచ్చట ఎవరికి కావలసినది వారే వడ్డించుకొని, పళ్ళెము తూచి వెల చెల్లింతురు. జనులు వీధివాకిటనే లోనికి పోవుచున్నారు.