ఓడ మీద టోపీవాలా!

సముద్రపు దొంగల ఓడెక్కిన ఆ టీషర్టు పెద్దమనిషి ఎవరు? పడవను గొడుగులా పట్టుకుని సముద్రం అడుగున నడవొచ్చా? భూకంపంలో మునిగిన ఊరు తెరమీద అంత కళకళలాడుతోందేం? వెతికితే ఒక్క సినిమాలోనే ఎన్ని పొరపాట్లో! అయితే, వాటిలో నవ్వుకుని వదిలేయాల్సినవి కొన్ని. ఆగి ఆలోచించాల్సినవి కొన్ని.

ఆదివారం మధ్యాహ్నం. సైదాబాద్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఓ ఇల్లు. భోజనాలయ్యాయి. టీవీలో 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' మొదటి భాగం చివరికొచ్చింది. ఉరికంబం నుంచి తప్పించుకున్న కెప్టెన్ జాక్ స్పారో ఎట్టకేలకు తన నల్ల తెరచాపల ఓడెక్కాడు. చుక్కాని దగ్గర నిలబడి సిబ్బందికి ఆజ్ఞలిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మనవడు రిమోట్ నొక్కి బొమ్మ ఆపేశాడు.

''తాతా, అటు చూడు... ఆ టోపీ అంకుల్ ఎవరు?''

తాతగారు కళ్లజోడు సర్దుకుని చూస్తే ఏముంది! తెర అంచున, జాక్ వెనకాల ఓ ఆసామి. తెల్ల టీషర్టు, నెత్తిన కౌబాయ్ తరహా టోపీ, కళ్లకు నల్లద్దాలు. దొంగల గొడవ తనకేం పట్టనట్టు తాపీగా సముద్రంకేసి చూస్తున్నాడు. 18వ శతాబ్దపు ఓడ మీద 21వ శతాబ్దపు మనిషి! నిజానికి ఆయన షూటింగ్ సిబ్బందిలో ఒకరు. కెమెరా తనను కూడా చూస్తోందని ఆయనకు తెలియదు. తెలియాల్సినవాళ్లూ గమనించలేదు.

2003లో విడుదలైన ఆ సినిమాకు 14 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. గోర్ వెర్బిన్‌స్కీ దర్శకుడు. జాక్ స్పారోగా నటించిన జానీ డెప్‌తో సహా ఐదు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అంత డబ్బు, అంత మంది నిపుణులు... అయినా టోపీవాలా ఎలా దూరాడు?

ముక్కలు ముక్కలుగా...

మనం సినిమాను మొదటి నుంచి చివరిదాకా వరసగా చూస్తాం. తీసేవాళ్లు అలా తీయరు. పతాక సన్నివేశం మొదటి వారంలో తీయొచ్చు. హీరో ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టే షాట్‌కీ, వీధిలో రెండో అడుగు వేసే షాట్‌కీ మధ్య నెలలు గడిచిపోవచ్చు. ఈ సినిమాలో పోర్ట్ రాయల్ రేవు సెట్టును కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ దీవిలో వేశారు. నిధి దాచిన గుహనేమో అమెరికాలో, లాస్‌ఏంజెలెస్ దగ్గరి బర్‌బ్యాంక్ స్టూడియోలో కట్టారు. దొంగలు పడవలో గుహలోకి వెళ్తుంటే మనకు పది అడుగుల దూరంలా ఉంటుంది. కానీ మధ్యలో ఓ సముద్రం, వేల మైళ్లు!

ఒకే గదిలో తీసే సన్నివేశానికైనా ఇదే తంటా. ఇద్దరు భోజనం చేస్తూ మాట్లాడుకుంటున్నారనుకోండి. ముందు ఇద్దరూ కనిపించేలా తీస్తారు. తర్వాత ఒకరి ముఖం మీద క్లోజప్, ఆపైన రెండోవారి మీద. అంటే అదే అన్నం ముద్ద పదిసార్లు కలపాలి, అదే గ్లాసు పదిసార్లు ఎత్తాలి. ఆరో టేకులో గ్లాసు సగం ఖాళీ. తొమ్మిదో టేకులో మళ్లీ నిండుగా! ఎడిటర్ ఆరో దాంట్లో నటన బాగుందని సగం, తొమ్మిదో దాంట్లో డైలాగు పండిందని సగం తీసుకున్నాడో... తెరమీద గ్లాసు దానంతటదే నిండిపోతుంది.

మరి ఎడిటర్‌కు కనిపించదా? చాలాసార్లు కనిపిస్తుంది. కానీ నటుడి కంట్లో నిజమైన తడి ఉన్న షాట్ ఒకటి, గ్లాసు సరిగ్గా ఉన్న షాట్ ఒకటి ముందుంటే, అనుభవమున్న ఎడిటర్ తడినే ఎంచుకుంటాడు. ప్రేక్షకుడి చూపు గ్లాసు మీద ఉండదని అతని నమ్మకం. అందుకే ఇలాంటి వాటిలో కొన్ని తెలిసి వదిలేసినవే.

సముద్రం మీద షూటింగంటే కష్టం రెట్టింపు. అల ఆగదు, మబ్బు నిలవదు, ఓడ చెప్పిన చోట ఉండదు. లైట్లు పట్టేవాళ్లు, తాళ్లు లాగేవాళ్లు, మేకప్ వాళ్లు అందరూ ఆ ఇరుకు ఓడ మీదే సర్దుకోవాలి. కెమెరా అంగుళం పక్కకు తిరిగిందా... టోపీవాలా తెరకెక్కేసినట్టే!

కాపలా కాసే కళ్లు

ఈ అతుకులు కనపడకుండా చూసే పనినే 'కంటిన్యుటీ' అంటారు. హాలీవుడ్‌లో అందుకోసం స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని ప్రత్యేకంగా ఓ మనిషి ఉంటారు. మన దగ్గర చాలాకాలంగా ఆ బరువు మోస్తున్నది అసిస్టెంట్ డైరెక్టర్లే. హీరో చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, గాయం ఏ చెంప మీద ఉంది, పూలదండ ఎంత వాడింది, గడియారంలో ముల్లు ఎక్కడుంది... అన్నీ ప్యాడ్ మీద రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత దర్శకుడు అడిగితే ఠక్కున చెప్పాలి. కాస్ట్యూమర్లు, మేకప్‌మ్యాన్‌లు ఎవరి లెక్క వాళ్లు రాసుకుంటారు. ఒకప్పుడు స్టిల్ ఫొటోలే ఆధారం. ఇప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో సెల్‌ఫోన్ కెమెరా ఉంది. అయినా చూడాల్సింది మాత్రం మనిషి కన్నే.

సాంకేతికత అంతగా లేని రోజుల్లో మనవాళ్లు పడ్డ పాట్లు వింటే ఆశ్చర్యమేస్తుంది. 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశాల నిడివి ముందే లెక్కకట్టుకునేవారని పేరు. కాగితం మీద అంత పకడ్బందీగా ఉంటే సెట్లో తడబాటు తగ్గుతుంది. ఆ సినిమాకు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావే తర్వాత 'ఆదిత్య 369' (1991)లో హీరోను టైమ్ మెషీన్ ఎక్కించి కృష్ణదేవరాయల కాలానికి పంపారు. ఆ కథలో ప్యాంటూ చొక్కా మనిషి రాయలవారి సభలో కనిపిస్తే తప్పు కాదు, అదే తమాషా! కథ చెప్పి తెచ్చిన మనిషికీ, చెప్పకుండా వచ్చిన టోపీవాలాకూ ఉన్న తేడా అదే.

ఎన్టీఆర్ రెండు పాత్రలు వేసిన 'రాముడు భీముడు' (1964) నాటి సంగతి చూడండి. ఆ రోజుల్లో ద్విపాత్రాభినయం అంటే 'మాస్కింగ్' చేయాలి. లెన్సులో సగం మూసి ఒక పాత్రను తీయడం, ఫిల్మును వెనక్కి తిప్పి మిగతా సగంలో రెండో పాత్రను తీయడం. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా, లైటు కొంచెం తగ్గినా గీత కనిపిస్తుంది. పక్కన లేని మనిషి ముఖం ఎక్కడుంటుందో ఊహించుకుని అటే చూస్తూ మాట్లాడాలి. 'దాన వీర శూర కర్ణ' (1977)లో ఆయనే కృష్ణుడు, ఆయనే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, పైగా దర్శకుడు కూడా. కిరీటాలు, మీసాలు, నగలు... ఎవరివి ఎవరికి పోకుండా చూసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల పని మాత్రం తెరమీద ఉంది.

ఈ మధ్య సంగతికొస్తే 'ఆర్ఆర్ఆర్' షూటింగ్ 2018 నవంబరులో మొదలైంది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో నెలల తరబడి ఆగింది. సినిమా విడుదలయ్యేసరికి 2022 మార్చి వచ్చేసింది. అన్నాళ్ల తర్వాత నటులు మళ్లీ అదే జుట్టు, అదే గడ్డం, అదే ఒడ్డూపొడుగుతో నిలబడాలంటే ఎంత జాగ్రత్త కావాలి!

ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్‌లోనో వెంకటాద్రిలోనో సినిమా చూస్తే దాన్ని ఆపే వీలుండేది కాదు. కనిపించింది కనిపించినట్టే వెళ్లిపోయేది. వీసీడీలు, డీవీడీలు వచ్చాక బొమ్మను ఆపి వెతకడం మొదలైంది. రోమన్ల కథ 'గ్లాడియేటర్' (2000)లో రథం బోల్తాపడితే వెనక గ్యాస్ సిలిండర్ బయటపడిందని జనం పట్టేశారు. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్లో రాజుల విందు బల్ల మీద కాఫీ కప్పు కనిపించి ప్రపంచమంతా నవ్వింది. ఆ సంస్థ వెంటనే గ్రాఫిక్స్‌తో కప్పును చెరిపేసింది. ఇప్పుడు తప్పు పట్టడమూ తేలికే, దిద్దడమూ తేలికే.

చెంబు చెప్పే నిజం

చూపు తప్పితే వచ్చే పొరపాట్లు అలా ఉంటే, లెక్క తప్పితే వచ్చేవి మరో రకం. జాక్, విల్ టర్నర్ ఇద్దరూ పడవను బోర్లించి నెత్తిన పెట్టుకుని, లోపలి గాలి పీలుస్తూ సముద్రం అడుగున నడిచి వెళ్తారు చూడండి... పిల్లలకు భలే నచ్చే దృశ్యం. అది కుదిరే పనేనా?

బకెట్లో నీళ్లు నింపి, ఖాళీ చెంబును బోర్లించి లోపలికి నొక్కండి. చెయ్యి ఎంత బలంగా పైకి నెట్టేస్తుందో తెలుస్తుంది. చెంబులో పట్టేది లీటరు గాలే. పడవలో సుమారు 500 లీటర్ల గాలి ఉందనుకుంటే, అది దాదాపు 500 కిలోల బలంతో పైకి తేలాలని చూస్తుంది. కిందున్న ఇద్దరు మనుషులా, నీళ్లలో వాళ్లకే బరువుండదు. పడవతోపాటు వాళ్లూ బెండులా పైకి తేలాల్సిందే! మరి దర్శకుడు తప్పు చేశాడా? లేదు. అది అభూతకల్పన. వెన్నెల పడితే దొంగలు అస్థిపంజరాలైపోయే కథలో ఈ నడక ఓ లెక్కా! 'పాతాళభైరవి'ని మనం భౌతికశాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకుని చూశామా? కాకపోతే సినిమా అయ్యాక పిల్లలతో బకెట్, చెంబు ప్రయోగం చేయిస్తే ఆ తప్పే పాఠమవుతుంది.

మునిగిన ఊరు

మూడో రకం ఉంది. దాన్ని పట్టుకోవడానికి రిమోట్ చాలదు.

సినిమాలో కథ జరిగే పోర్ట్ రాయల్ నిజంగా జమైకాలో ఉన్న ఊరే. 17వ శతాబ్దంలో సముద్రపు దొంగల సంపదతో వెలిగిపోయింది. 1692 జూన్ 7న భూకంపం వచ్చింది. ఇసుక నేల మీద కట్టిన ఊళ్లో చాలా భాగం నిమిషాల్లో సముద్రంలోకి జారిపోయింది. రెండు వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. తర్వాత ఎన్నో ఏళ్లకు గజ ఈతగాళ్లు ఆ శిథిలాల్లోంచి ఓ జేబు గడియారం తీశారు. అది 11 గంటల 43 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది! మునిగిన ఆ ఊరికి 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

సినిమాలో ఏ సంవత్సరమో చెప్పరు. వేషధారణ చూస్తే 18వ శతాబ్దం. అప్పటికి ఆ ఊరి పాత వైభవం లేదు. పైగా దొంగల్ని ఉరితీసే చోటుగా పేరుపడింది. పేరుమోసిన 'కాలికో' జాక్ రాకమ్‌ను 1720లో ఉరితీసింది అక్కడే. ఇక సినిమాలో దొంగలు హీరోయిన్‌ను చెక్క మీద నడిపించి సముద్రంలోకి దూకిస్తారు. అది చాలావరకు నవలలు పెంచిన ముచ్చటే. నిధి ఉన్నచోట గుర్తుపెట్టిన పటాలకు స్టీవెన్‌సన్ నవల 'ట్రెజర్ ఐలాండ్' (1883) ప్రచారం తెచ్చింది. అలాగని అన్నీ కట్టుకథలు కావు. దొంగలకు నియమావళి ఉండటం నిజం. బార్తలొమ్యూ రాబర్ట్స్ ఓడలో డబ్బు పెట్టి జూదమాడకూడదు, రాత్రి ఎనిమిదికి దీపాలార్పాలి. గాయపడ్డవాళ్లకు పరిహారం కూడా ఉండేది!

అన్నిటికన్నా పెద్ద లోటు తెరమీద కనిపించేది కాదు, కనిపించనిది. ఆనాటి జమైకా చెరకు తోటల మీద బతికింది. ఆ తోటల్లో చాకిరీ చేసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు. 18వ శతాబ్దంలో ఆ దీవి జనాభాలో అత్యధికులు వాళ్లే. గవర్నరుగారి మేడ, ఆయన కూతురి పట్టు గౌను, రేవులోని సంబరం అన్నీ చూపించిన సినిమా ఆ ఊసు దాదాపు ఎత్తదు. టోపీవాలా అక్కడ ఉండకూడని మనిషి, పొరపాటున తెరకెక్కాడు. ఉండాల్సిన లక్షలమంది మాత్రం కనిపించకుండా పోయారు. ఆ తప్పును ఏ గ్రాఫిక్సూ దిద్దలేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాలి, పుస్తకాలు చెప్పాలి.

మీరూ పట్టేయండి!

ఈసారి ఇంటిల్లిపాదీ సినిమా చూసేటప్పుడు ఓ ఆట ఆడండి. గ్లాసులో నీళ్లు, కొవ్వొత్తి పొడవు, గోడ మీది గడియారం, నీడ పడే వైపు, చెంప మీది గాయం... షాట్ మారినప్పుడల్లా ఈ ఐదూ చూడండి. దొరికిన తప్పుకు పిల్లలకు ఓ మార్కు. అయితే ఒక షరతు. తప్పు దొరికిన ప్రతిసారీ, తప్పు జరగని ఓ పది షాట్లనూ చెప్పుకోవాలి. అక్కడ ఎవరో అసిస్టెంటు ఎండలో ప్యాడ్ పట్టుకుని నిలబడి ఉంటాడు మరి!

ఇక కథ ఏ దేశానిదో, ఏ కాలానిదో అయితే చివర్లో ఒక్క ప్రశ్న అడగండి: ''నిజంగా అప్పుడక్కడ ఎవరెవరు ఉండేవారు?''

టోపీవాలాను పట్టుకోవడానికి చురుకైన కళ్లు చాలు. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే మాత్రం టీవీ కట్టేసి పుస్తకం తెరవాలి.