గుండు పేలాక మొదలయ్యే పని



ఊరగాయలూ, పిల్లల దగ్గులూ, పొదుపు సంగతులూ చెప్పుకునే వేళ ఈవిడ తుపాకి పట్టుకొచ్చిందేమిటి అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. కాని మన పల్లెలనుంచి పటాలంలో చేరినవాళ్లు తక్కువేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచీ ఆ ఊరివాళ్లు సైన్యంలోకి వెళుతూనే ఉన్నారు. ఇంటికొక్కరు అని చెప్పుకుంటారు. అలాంటి ఇళ్లలో తల్లి ఉంటుంది, భార్య ఉంటుంది. శిక్షణలో ఉన్న కుర్రవాడు “ఈ వారమంతా ఎల్.ఎం.జి. క్లాసులమ్మా” అంటే ఆ తల్లి గుండె గుబేలుమంటుంది. పొగా, నిప్పులూ, చప్పుడూ ఆమె కళ్లముందు మెదులుతాయి. ఆ కుర్రవాడు నిజంగా చేసిందేమిటంటే, పొద్దుటినుంచి సాయంత్రందాకా గుడ్డపేలిక పట్టుకుని ఇనపగొట్టం తుడవడం! ఆ తుడవడం గురించే నేను ఇవాళ చెప్పదలచుకున్నాను.

ఎల్.ఎం.జి. అంటే లైట్ మెషీన్ గన్, తేలికపాటి మరతుపాకి. తేలిక అన్నది పేరుకే సుమండీ. మన సైన్యం దశాబ్దాలపాటు వాడిన బ్రెన్ గన్ బరువు దాదాపు పది కిలోలు. దాన్ని భుజాన వేసుకుని కొండ ఎక్కాలి. పదిమంది జవాన్లుండే చిన్న దళాన్ని సెక్షన్ అంటారు. ఆ పదిమందికీ కలిపి ఇలాంటిది ఒక్కటే ఉంటుంది. మిగతావాళ్ల రైఫిళ్లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇది పేలుతున్నంతసేపూ శత్రువు తల ఎత్తలేడు, మనవాళ్లు ముందుకు కదలగలుగుతారు. ఇది మూగబోయిందా, తక్కినవాళ్ల ప్రాణాలన్నీ ఆ నిశ్శబ్దంలో వేలాడినట్టే.

పేరు సంగతి కూడా చెప్పాలి. దీని అసలు నమూనా చెకోస్లొవేకియాలోని బ్రనో పట్టణానిది. 1930లలో ఇంగ్లండువారు దాన్ని తమ తూటాకి తగినట్టు మార్చి ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో చేయించారు. ఆ ఊరి పేరులోంచి రెండక్షరాలు, ఈ ఊరి పేరులోంచి రెండక్షరాలు ఇంగ్లీషులో కలిపితే బ్రెన్ అయింది. మన ఇషాపూర్‌లోనూ తయారయింది. కెనడాలోని టొరంటోలో జాన్ ఇంగ్లిస్ కంపెనీవారు చేసినప్పుడు మగవాళ్లు యుద్ధానికి వెళ్లిపోగా ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చాలామంది పని చేశారు. వాళ్లలో వెరోనికా ఫాస్టర్ అనే అమ్మాయి ఫోటోలు 1941లో ప్రభుత్వం వారు తీయించి దేశమంతా చూపించారు. తలకి రుమాలు కట్టుకుని మిషను దగ్గర నిలబడిన ఆ పిల్లని ‘రానీ, బ్రెన్ గన్ అమ్మాయి’ అని పిలిచారు. యుద్ధం అయిపోయాక అదే కంపెనీ బట్టలుతికే యంత్రాలు చేసింది. కాబట్టి ఈ సంగతి మనకి మరీ పరాయిదని అనుకోనక్కరలేదు.

ఇక ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ప్రెషర్ కుక్కర్ వాడే ఇల్లాలికి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. తూటాలో మందు మండగానే పుట్టిన వాయువు గుండుని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. గొట్టానికి ముందువైపున ఒక చిన్న రంధ్రం ఉంది. ఆ వాయువులో కొంచెం ఆ రంధ్రంలోంచి కిందనున్న మరో గొట్టంలోకి దూరి, అక్కడున్న కడ్డీని వెనక్కి నెడుతుంది. కడ్డీతోపాటు తుపాకి లోపలి దిమ్మ వెనక్కి వెళుతుంది, ఖాళీ డొల్ల కిందికి రాలిపోతుంది. వెనకనున్న స్ప్రింగు దిమ్మని మళ్లీ ముందుకి తోస్తే, అది పైనున్న పెట్టెలోంచి కొత్త తూటాని లాక్కుపోయి పేలుస్తుంది. నిమిషానికి సుమారు 500 వేగంతో, అంటే సెకనుకి ఎనిమిది చొప్పున జరిగే తతంగం ఇది. ఈ తూటాల పెట్టెని మేగజైన్ అంటారు. బ్రెన్ గన్‌కి అది నెత్తిమీద ఉంటుంది. అందువల్ల గురి చూడడానికి అడ్డం రాకుండా, గురి చూసే ఏర్పాటుని ఎడమపక్కకి జరిపి పెట్టారు.

మేగజైన్‌లో 30 తూటాలు పడతాయి. కాని 28 మాత్రమే పెట్టమనేవారు. స్ప్రింగు మీద ఒత్తిడి తగ్గాలని. పాత .303 తూటాకి అడుగున చెంబుకి ఉన్నట్టు చిన్న అంచు ఉండేది. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండేలా ఒక్కొక్కటే సర్దాలి. ఒక్కటి వెనకా ముందూ అయితే రెండూ చిక్కుకుని తుపాకి ఆగిపోతుంది. చూశారా, యుద్ధరంగంలో పదిమంది బతుకు ముందురోజు రాత్రి ఎవరో ఒక కుర్రవాడు ఓపిగ్గా తూటాలు పేర్చడం మీద ఆధారపడి ఉంది! ఆ తూటాలకి మేగజైన్ కూడా అరటిపండులా వంగి ఉండేది. 1962 యుద్ధం తర్వాత సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకి మారింది. దానికి ఆ అంచు బయటికి పొడుచుకు రాదు, ఆ బాధా తగ్గింది. ఆ తూటాకి తగ్గ తుపాకుల్ని కాన్పూరులో చేశారు.

కాలిన పెనం సంగతి మనకి తెలియంది కాదు. గొట్టం కూడా అంతే. వేగంగా పది మేగజైన్లు పేల్చేసరికి గొట్టం మార్చాలని నియమం. వేడెక్కిన గొట్టం గురి తప్పుతుంది, లోపలి గీతలు అరిగిపోతాయి. అందుకే ప్రతి తుపాకికీ రెండో గొట్టం ఉంటుంది. గొట్టానికి ఒక చెక్కపిడి ఉంటుంది. మామూలప్పుడు తుపాకిని మోయడానికి అది పనికొస్తుంది, కాలుతున్న గొట్టాన్ని ఊడదీసేటప్పుడు మనకి మసిగుడ్డలాంటిది. తెలిసిన చేతికి కొన్ని సెకన్ల పని. ఇంకో తెలివి కూడా చేశారు. పేల్చడం ఆపగానే దిమ్మ వెనకే నిలిచిపోతుంది, గొట్టంలో తూటా ఉండదు. ఉంటే ఆ వేడికి దానంతట అదే పేలవచ్చు. ఇక ఎడతెరిపి లేకుండా పేల్చడమన్నది సినిమాల్లో మాట. జవానుకి నేర్పేది నాలుగైదు గుండ్ల చొప్పున ఆపి ఆపి పేల్చడం. అలా కాకపోతే మేగజైన్ మూడున్నర సెకన్లలో ఖాళీ!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పాత తూటాలు పేలినప్పుడు గొట్టంలో మసితోపాటు ఒకరకం ఉప్పు మిగిలేది. ఉప్పు తగిలిన ఇనపమూకుడు తెల్లారేసరికి ఎలా తుప్పు పడుతుందో మనకి ఎవరూ చెప్పక్కరలేదు. ఎంత నూనె రాసినా ఆ ఉప్పు పోదు, ఎందుకంటే ఉప్పు నూనెలో కరగదు. అందుకని గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగేవారు. నీళ్లు ఉప్పుని కరిగించి పట్టుకుపోతాయి, గొట్టం వేడెక్కి తొందరగా ఆరిపోతుంది. తర్వాత తాడుకి గుడ్డముక్క తగిలించి గొట్టంలోంచి లాగాలి. ఆ తాడుని పుల్‌త్రూ అంటారు, గుడ్డముక్కని మన జవాన్లు చిందీ అంటారు. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు కొలత ప్రకారం ఉండాలి. పెద్దదైతే లోపల ఇరుక్కుంటుంది, చిన్నదైతే మసి రాదు. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా లాగుతూనే ఉండాలి. వచ్చింది కదా అని ఊరుకోవడానికీ లేదు. మర్నాడు చూస్తే మళ్లీ మసి చెమట పట్టినట్టు ఊరి ఉంటుంది. వరసగా కొన్నాళ్లు తుడవాల్సిందే.

వాయువు దూరే రంధ్రం కూడా పొయ్యి బర్నరు కన్నాల్లాగే పూడుకుంటుంది. అందుకని అక్కడ చిన్నా పెద్దా నాలుగు కన్నాలున్న బిళ్ల పెట్టారు. తుపాకి మందగిస్తే బిళ్ల తిప్పి పెద్ద కన్నానికి మార్చుకుంటారు. అది తాత్కాలికం. మసి తీయకపోతే నాలుగో కన్నం తర్వాత ఐదోది లేదు.

నూనె విషయంలో కూడా ఒక్కటే సూత్రం అన్నిచోట్లా నడవదు. రాజస్థాన్ ఇసుకలో పైపైన నూనె ఉంటే దానికి ఇసుక అంటుకుని లోపలి భాగాలని సానబట్టినట్టు అరగదీస్తుంది. అక్కడ దాదాపు పొడిగా ఉంచాలి. లడఖ్ చలిలో మామూలు నూనె పేరిన నెయ్యి అయిపోతుంది. అక్కడ పలచటిది, అదీ పల్చగా. ఇవన్నీ జవాను చేతి పని. భాగం విరిగినా అరిగినా మాత్రం వాడు సొంతంగా ఆకురాయి పట్టకూడదు. అది ఈ.ఎం.ఇ. శాఖవారి పని. ఆ శాఖ కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

తుపాకిని విప్పడం, మళ్లీ కూర్చడం నేర్పాక కళ్లకి గంతలు కట్టి చేయిస్తారు. బయటివాళ్లకి అదేదో గారడీలా కనిపిస్తుంది. యుద్ధంలో తుపాకి పట్టపగలే ఆగాలని రూలేమీ లేదు కదా! అమావాస్యనాడు, వానలో, పక్కవాడు మూలుగుతుండగా ఆగవచ్చు. అప్పుడు ఆలోచించి చేసే వ్యవధి ఉండదు, చేతులకే తెలిసుండాలి. కరెంటు పోయినప్పుడు పోపులపెట్టెలో ఆవాలెక్కడో జీలకర్రెక్కడో మన వేళ్లకి తెలిసినట్టు. ఇద్దరు మనుషులు దీనికి. ఒకటో నెంబరు పేలుస్తాడు, రెండో నెంబరు పక్కన పడుకుని మేగజైన్లు, గొట్టం మారుస్తాడు. అయితే నేర్చుకోవలసింది ఆ ఇద్దరే కాదు, సెక్షన్‌లో అందరూ.

ఎందుకంటారా? 1948 ఫిబ్రవరి 6న కాశ్మీరులో నౌషేరా దగ్గర తైన్‌ధార్ అనే చోట, రాజపుత్ర రెజిమెంటుకి చెందిన నాయక్ జదునాథ్ సింగ్ తొమ్మిదిమందితో ఒక చిన్న పోస్టు కాపాడుతున్నాడు. ఉత్తరప్రదేశ్‌లో షాజహాన్‌పూర్ జిల్లా రైతుబిడ్డ. మొదటి దాడిని తిప్పికొట్టేసరికి నలుగురికి గాయాలయ్యాయి. రెండో దాడిలో అతనికీ గాయమైంది, బ్రెన్ గన్ పేల్చేవాడూ పడిపోయాడు. జదునాథ్ సింగ్ పడిపోయినవాడి చేతిలోంచి ఆ గన్ అందుకుని తానే పేల్చాడు. పోస్టు నిలబడింది. మూడో దాడికి పోరాడే స్థితిలో ఉన్నది అతనొక్కడే. స్టెన్ గన్ పట్టుకుని ఎదురెళ్లి శత్రువులని చెదరగొట్టి, రెండు గుండ్లు తగిలి అక్కడే ప్రాణం విడిచాడు. ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన సాహసానికి నమస్కరించనివారెవరు? కాని ఒక్క మాట అడుగుతాను. ఆ గన్‌ని అందుకోవడం ఆయన చేతులకి ముందే తెలిసి ఉండకపోతే? ఆ పొద్దున ఎవరో గొట్టం తుడవకుండా వదిలేసి ఉంటే? పతకం గురించి రాసేవాళ్లు ఈ తుడిచినవాళ్ల పేర్లు రాయరు. అదొక్కటే నాకు నచ్చదు.

బ్రెన్ తర్వాత ఇన్సాస్ రకం వచ్చింది. 2020 మార్చిలో ఇజ్రాయెల్‌నుంచి 16,479 నెగెవ్ గన్లు కొనడానికి మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఇప్పటి తూటాలు ఆ ఉప్పు మిగల్చవు కనుక మరిగే నీళ్ల పని తప్పింది, మసి మాత్రం తప్పలేదు. ఇంకో మార్పు కూడా వచ్చింది. 2021 మే నెలలో బెంగళూరులో మిలిటరీ పోలీసు శాఖలో మొదటిసారిగా 83 మంది ఆడపిల్లలు 61 వారాల శిక్షణ ముగించి జవాన్లుగా బయటికొచ్చారు. సాయంత్రమయ్యేసరికి ఆయుధం తుడిచి, పైవాడు వేలు పెట్టి చూశాక, నెంబరు సరిచూసుకుని కోత్‌లో అప్పగించాలి. కోత్ అంటే ఆయుధాల గది. పైవాడి వేలికి మసి అంటుకుంటే మళ్లీ మొదటినుంచి తుడవాలి. భోజనాల గంట కొట్టినా సరే!