పాత ట్రక్కు, అరిగిన కీళ్ళు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళ ముందు కామ్రీలు, అకార్డులు కనిపించినంతగా పికప్ ట్రక్కులు కనిపించవు. కానీ ఇల్లు కొన్నాక పెరటికి మట్టి తేవాలన్నా, పాత సోఫా పారేయాలన్నా ట్రక్కు విలువ తెలిసొస్తుంది. అలా డాలస్ శివార్లలో ఉన్న మా ఇంటికీ ఒకటి చేరింది. 2003 మోడల్, లక్షా డెబ్బై ఎనిమిది వేల మైళ్ళు తిరిగింది. దాన్ని ఎం.ఎస్. చదువుతున్న మా బావమరిదికి ఇద్దామనుకున్నాం. అంటే రోజూ నలభై మైళ్ళు, అదీ హైవే మీద. అందుకే తాళాలు చేతికివ్వక ముందు బండి ముందు భాగాన్ని ఒకసారి పరీక్షగా చూశాను. అలా చూడడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టెక్సాస్‌లో ఉన్నవారికి ఈ విషయం మరీ ముఖ్యం. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ సొంత వాహనాలకు ఏటేటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. స్టీరింగు వదులుగా ఉందా, టైరు అరిగిందా అని ఏడాదికోసారైనా చూసే మనిషి ఇప్పుడు లేడు. చూసుకోవలసింది మనమే.

ఇక అసలు విషయానికొద్దాం. మన భుజం ఎముక గూట్లో ఎలా తిరుగుతుందో చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బంతిగిన్నె కీలు అని చదువుకున్నాం. బండి ముందు చక్రానికీ అలాంటి కీళ్ళే ఉంటాయి. వాటినే బాల్ జాయింట్లు అంటారు. చాలా పికప్‌లలో ఒక్కో ముందు చక్రానికి పైన ఒక కంట్రోల్ ఆర్మ్, కింద ఒక కంట్రోల్ ఆర్మ్ ఉంటాయి. వాటి చివర ఉన్న బాల్ జాయింట్ల మధ్యే చక్రాన్ని మోసే భాగం నిలబడుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రాన్ని పక్కకు నెట్టేవి టై రాడ్లు. పాత ట్రక్కుల్లో చాలావాటికి వీటితోబాటు పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ అని మరో రెండు చేతులుంటాయి. ప్రతి కీలుకీ ఒక రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. తొడుగు చిరిగితే నీళ్ళు, దుమ్ము లోపలికి పోతాయి. కందెన లేని ఎద్దుబండి ఇరుసుకు పట్టే గతే దీనికీ పడుతుంది.

మా ట్రక్కు లక్షణాలు మూడు. స్పీడ్ బంప్ ఎక్కినప్పుడు 'టక్కు' మని చప్పుడు. హైవే మీద స్టీరింగుని అటూ ఇటూ సర్దుతూ ఉండవలసి రావడం. ఎడమ టైరు లోపలి అంచు మాత్రమే అరగడం. పాత యజమాని ఇచ్చిన రసీదులు తిరగేస్తే, ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు ఎలైన్‌మెంట్ చేయించినట్టుంది. మన భాషలో చెప్పాలంటే, బగ్ ఎక్కడుందో వెతకకుండా సర్వర్ని రెండుసార్లు రీస్టార్ట్ చేశారన్నమాట. ఎలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచేయడం. కీలు వదులుగా ఉంటే ఈ రోజు పెట్టిన కోణం రేపటికి ఉండదు. ముందు కీళ్ళు, తరవాతే కోణాలు.

టైరే మొదటి లాగ్ ఫైలు. ఒక అంచు మాత్రమే అరిగితే చక్రం ఒరిగి ఉందని అనుమానించాలి. అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒక వైపు నునుపుగా, మరో వైపు రంపపు పళ్ళలా గుచ్చుకుంటుంటే టో కోణం తప్పింది. అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్ల వైపు చూడాలి.

రెండోది స్టీరింగు పరీక్ష. ఇంజను ఆపి, చక్రాలు నేలమీదే ఉంచి, మా బావమరిదిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగుని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నాను. నేను కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద వేళ్ళు పెట్టి చూశాను. ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలితే ఆ కీలు అరిగినట్టే. ఎడమ టై రాడ్ చివర, ఐడ్లర్ ఆర్మ్ ఇలాగే దొరికాయి.

మూడోది బాల్ జాయింట్. ఇక్కడ జాకీ ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. బండి బరువు కింది ఆర్మ్ మీద పడే రకమైతే, ఆ ఆర్మ్ చివర, కీలుకు దగ్గరగా జాకీ పెట్టి లేపాలి. ఫ్రేముకి పెట్టి లేపితే స్ప్రింగు బలం కీలుని బిగించి ఉంచుతుంది, వదులు బయటపడదు. సమతలంగా ఉన్న నేల మీద, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఫ్రేము కింద జాక్ స్టాండు ఆసరాగా ఉంచుకోవాలి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి వెళ్ళకూడదు. టైరు కాస్త గాలిలోకి లేచాక పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 అంకెల దగ్గర, పట్టుకుని ఊపాలి. ఆడితే అది బేరింగు కావచ్చు, బాల్ జాయింట్ కావచ్చు. ఒకర్ని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. ఆట పోతే అనుమానం బేరింగు మీద. ఆట మిగిలితే కీలు మీద. ఆ తరవాత టైరు కింద గడ్డపలుగు పెట్టి పైకి ఎత్తుతూ కీలు దగ్గర సందు తెరుచుకుంటోందేమో చూడాలి. మా ట్రక్కులో కింది బాల్ జాయింట్లు రెండూ కంటికి కనిపించేలా ఆడాయి. ఎంత ఆట ఉండవచ్చో ప్రతి మోడల్‌కీ మాన్యువల్లో ఉంటుంది. కొన్ని కీళ్ళను మాత్రం బరువు చక్రాల మీద ఉండగానే చూడాలి. అదీ అందులోనే రాస్తారు.

"నడుస్తూనే ఉంది కదా బావా, సెమిస్టర్ అయ్యాక చూద్దాం," అన్నాడు మా బావమరిది. విద్యార్థి జేబు సంగతి నాకు తెలుసు. కానీ బాల్ జాయింట్ అంచెలంచెలుగా మొరాయించే సర్వర్ లాంటిది కాదు. చివరి రోజు దాకా నడుస్తుంది. బంతి గిన్నెలోంచి ఊడిన క్షణం చక్రం పక్కకు పడిపోతుంది, ఆపైన స్టీరింగు మన మాట వినదు. అది పార్కింగులో జరిగితే అదృష్టం, డెబ్బై మైళ్ళ వేగంలో జరిగితే చెప్పేదేముంది! పాతబడకుండానే ఈ భాగంలో లోపం రావచ్చు. 2005లో టయోటా కింది బాల్ జాయింట్ల కోసం అమెరికాలో సుమారు 7,75,000 పికప్‌లను, ఎస్.యు.వి.లను వెనక్కి పిలిచింది. మీ బండికి అలాంటి రీకాల్ ఏదైనా మిగిలిందేమో ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. సైటులో 17 అక్షరాల వి.ఐ.ఎన్. ఇచ్చి ఉచితంగా చూడొచ్చు. పదిహేనేళ్ళు దాటిన రీకాల్స్ అక్కడ రాకపోవచ్చు, కాబట్టి పాత బండికి డీలరుని కూడా అడగండి.

షాపులో అన్నిటికీ కలిపి 1,640 డాలర్లు అన్నారు. పని రెండుగా విడదీశాను. టై రాడ్, ఐడ్లర్ ఆర్మ్ ఇంట్లో మార్చాను. బాల్ జాయింట్లు మెకానిక్‌కి ఇచ్చాను. మా బండిలో అవి ప్రెస్‌తో బిగించినవి, పైగా టార్షన్ బార్ మెలితిరిగి బలం దాచుకుని ఉంటుంది. కాయిల్ స్ప్రింగయినా అంతే. ఆ బలం ఒక్కసారి విడుదలైతే చేతులు పోతాయి. కొత్తవాళ్ళు మొదలుపెట్టవలసిన పని కాదది. మొత్తం ఖర్చు ఎలైన్‌మెంటుతో సహా 930 డాలర్లయింది.

టై రాడ్ మార్చేవాళ్ళకి రెండు మాటలు. పాతది ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. ఎలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్తుంది. తరవాత, నట్టుని టార్క్ రెంచితో చెప్పినంత బిగించాక కాటర్ పిన్ను రంధ్రం కుదరకపోతే తరవాతి గాడి దాకా ఇంకాస్త బిగించాలే గాని వదులు చేయకూడదు. పిన్ను ఎప్పుడూ కొత్తదే వాడాలి. ఎద్దుబండికి కడశీల ఎంతో, దీనికి ఈ పిన్నంత.

చివర్లో ఎలైన్‌మెంట్ కాగితం అడిగి తీసుకోండి. అందులో ముందు కొలతలు, తరవాత కొలతలు పక్కపక్కనే ఉంటాయి. మూడు నాలుగు వేల మైళ్ళ తరవాత టైరుని మళ్ళీ నిమిరి చూస్తే మన పని నిలిచిందో లేదో తెలుస్తుంది. పాత ట్రక్కు కొనబోతున్నవారైతే బేరం మొదలుపెట్టే ముందే ఓ ఇరవై నిమిషాలు అడగండి. ఒక జాకీ, ఒక జాక్ స్టాండు, ఒక గడ్డపలుగు, స్టీరింగు ఊపడానికి ఒక స్నేహితుడు, అంతే కావలసింది. ఆ ఇరవై నిమిషాలు ఇవ్వనన్న మనిషి దగ్గర ట్రక్కు కొనకండి.