ఫోన్ అడిగితే పిండి ముద్ద ఇచ్చా!

పోయిన ఆదివారం మా అక్క కొడుకు వచ్చాడు. మూడేళ్లు. రాగానే "మామయ్యా, ఫోన్" అన్నాడు. ఈ వయసుకి స్క్రీన్ రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. బయటేమో వాన. సరే అని కిచెన్‌లోకి తీసుకెళ్లా.

ఒక కప్పు మైదా, అరకప్పు ఉప్పు, ఒక స్పూన్ నూనె. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండిలా కలిపాం. సగం ముద్దలో చిటికెడు పసుపు, మిగతా సగంలో బీట్‌రూట్ రసం. అంతే, రంగుల క్లే రెడీ! ఉప్పు ఉంది కాబట్టి త్వరగా పాడవదు. మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోండి.

కానీ జాగ్రత్త. ఇంత ఉప్పు మింగితే చిన్నపిల్లలకి ప్రమాదం, పచ్చి పిండి కూడా మంచిది కాదు. అన్నీ నోట్లో పెట్టుకునే వయసైతే ఇది వద్దు. బొమ్మ కళ్లకి శనగలు, కందిపప్పు వాడకండి, ముక్కులో దూర్చేసుకుంటారు. పక్కనే కూర్చోండి.

అసలు తప్పు నేనే చేశా. వాడు ఏనుగు చేస్తుంటే, "తొండం అలా కాదురా" అంటూ బగ్ ఫిక్స్ చేసినట్టు సరిచేస్తూ పోయా. రెండు నిమిషాల్లో ముద్ద వదిలేసి మళ్లీ ఫోన్ అడిగాడు. అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుని నా ముద్ద నేను పిసుక్కుంటూ కూర్చున్నా. మెల్లగా వాడే వచ్చాడు. నలభై నిమిషాలు ఆడాడు!

ఏనుగుకి ఐదు కాళ్లు. ఎందుకురా అంటే, "ఒకటి ఊడిపోతే?" అన్నాడు. బ్యాకప్ అన్నమాట! మీ బుడ్డోళ్లు ఏం చేశారో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!